రెండు నెలలు కూడా నిండని కుందేలు పిల్లకి విరేచనాలు, మేత ఎలా మార్చాలి?

కంటోన్మెంట్_ఇల్లు (విజయనగరం)

అందరికీ నమస్కారం. మా పాప పుట్టినరోజుకి వాళ్ల మావయ్య తెల్ల కుందేలు పిల్లని తెచ్చిచ్చాడు. సంతలో ఇనప జాలీ పంజరాల్లో పెట్టి అమ్ముతుంటే కొన్నాడట. అమ్మినతను రెండు నెలల పిల్ల అన్నాడు గానీ ఇది ఇంకా అరచేతిలో ఇమిడిపోతోంది. క్యారెట్టు, క్యాబేజీ, నానబెట్టిన శనగలు పెట్టమన్నాడు. నీళ్లు మాత్రం పెట్టొద్దు, తాగితే చచ్చిపోతుంది, కూరల్లో ఉన్న తడి చాలు అని గట్టిగా చెప్పి పంపాడట. రైతు బజార్లో క్యాబేజీ పై రేకులు ఊరికే ఇస్తారు కదా, అవి తెచ్చి పెడుతున్నాం, బాగానే తినేది. నిన్న సాయంత్రం నుంచి పెంటికలు మెత్తబడ్డాయి. ఈ ఉదయం చూస్తే గోనె సంచి మీద అక్కడక్కడ గుండ్రటి పెంటికలు, వాటి పక్కనే ముదురు గోధుమ రంగు ముద్ద, ఒకటే వాసన. వెనక కాళ్ల బొచ్చంతా అట్టకట్టేసింది. గ్యాస్ బండ వెనక మూలకి పోయి వెన్ను గూనిగా పెట్టి కూర్చుంటోంది, పిలిచినా రావడం లేదు. క్యారెట్టు ముక్క ముక్కు దగ్గర పెడితే వాసన చూసి తల తిప్పేసుకుంది. పాప బడికి వెళ్లనని ఏడుపు. మేత మార్చాలా, మందు వెయ్యాలా, ఈ చుట్టుపక్కల కుందేళ్లని చూసే డాక్టరు ఎవరైనా ఉన్నారా? తెలిసినవాళ్లు త్వరగా చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అమ్మా, ముందు నీళ్లు పెట్టండి, మిగతాది తర్వాత చదువుదురు గాని. బరువైన మట్టి మూకుడులో పెడితే తన్నినా ఒలకదు, సీసాకన్నా మూకుడు దగ్గరే అవి సుఖంగా తాగుతాయి. నీళ్లు తాగితే కుందేలు చచ్చిపోతుందన్నది పూర్తిగా అబద్ధం, సంతల్లో అమ్మేవాళ్లు ఆ మాట చెప్పీ చెప్పీ ఎన్ని పిల్లల ప్రాణాలు తీశారో. కిలో బరువున్న కుందేలు రోజుకి 50 నుంచి 150 మిల్లీలీటర్ల దాకా తాగుతుంది, విరేచనాలవుతుంటే ఇంకా ఎక్కువ కావాలి.

రెండోది, క్యాబేజీ, క్యారెట్టు, శనగలు ఈ క్షణం నుంచి ఆపెయ్యండి. గరిక ఉంటే కడిగి, తడి ఆరబెట్టి, గుప్పెడు దాని ముందు పడెయ్యండి. తర్వాత వీటికి జవాబు చెప్పండి: గుండ్రటి గట్టి పెంటికలు ఇంకా వస్తున్నాయా, అసలు రావడం లేదా? ఆ ముద్ద నీళ్లలా కారుతోందా? చివరిసారి ఎప్పుడు తింది? పొట్ట బిగుసుకుని డోలులా ఉందా? చెవులు చల్లగా ఉన్నాయా? పళ్లు కటకట కొరుకుతోందా? పళ్లు కొరకడం నొప్పికి గుర్తు. చిన్నగా, మెత్తగా ఆడించడం వేరు, అది హాయిగా ఉన్నప్పుడు చేస్తుంది, దూరం నుంచి వినబడేలా కొరికితే మాత్రం నొప్పే.

బొబ్బిలి_పెరడు (బొబ్బిలి)

మా ఇంట్లో చిన్నప్పటి నుంచి కుందేళ్లు ఉండేవి. మోషన్స్ పట్టుకుంటే మా అమ్మ ఒక పూట ఏమీ పెట్టేది కాదు, పొట్ట ఖాళీ అయితే అదే సర్దుకుంటుంది అనేది. తర్వాత పల్చటి చోడి అంబలి, లేకపోతే మజ్జిగలో పిసికిన మెత్తటి అన్నం, కాస్త వాము నీళ్లు. మనుషులకి పనికొచ్చింది వాటికీ పనికొస్తుంది కదా. ముందే సూదులూ మందులూ అని కంగారు పడకండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

బొబ్బిలి గారూ, మీరు మంచి మనసుతో చెప్పారు, మీ అమ్మగారి మీద నాకు గౌరవమే, కానీ కుందేలుకి పస్తు పెట్టడం ప్రమాదం. మనం, కుక్కా, పిల్లీ పస్తుండగలం. కుందేలు పొట్ట అలా కట్టలేదు. దానికి వాంతి చేసుకునే శక్తే లేదు, లోపలికి వెళ్లింది ముందుకే కదలాలి, ఆ కదలికని నడిపేది గడ్డిలోని పీచు. పైనుంచి మేత ఆగితే పేగు నెమ్మదిస్తుంది, నెమ్మదించిన పేగులో గ్యాస్ చేరుతుంది, గ్యాస్ నొప్పికి ఇంకా తినదు. ఇలా గుండ్రంగా తిరుగుతూ ప్రాణం మీదకి వస్తుంది. 12 గంటలు ఏమీ తినని కుందేలుని అత్యవసరంగా డాక్టరుకి చూపించాలి, ఇంత చిన్న పిల్ల అయితే అంతసేపు కూడా ఆగకూడదు.

అన్నం, అంబలి గురించి కూడా చెప్పాలి. చోళ్లు మనకి బలమే, కానీ కుందేలు పెద్ద పేగు మొదట్లో ఒక పెద్ద సంచి ఉంటుంది, దాంట్లో కోట్ల సూక్ష్మజీవులు పీచుని పులియబెట్టి ఆహారం తయారుచేస్తాయి. పిండిపదార్థం ఎక్కువగా అక్కడికి చేరితే మంచివి తగ్గి చెడ్డవి పెరుగుతాయి. బిస్కెట్లు, బ్రెడ్డు, మరమరాలు, శనగలు, అరటిపండు అన్నిటిదీ అదే దారి. పాలు, మజ్జిగ అసలే వద్దు.

చీపురుపల్లి_రోడ్ (విజయనగరం జిల్లా)

మనుషులకి వేసే మోషన్స్ మాత్ర పావు ముక్క అరగదీసి నీళ్లలో కలిపి పట్టించండి, ఆగిపోతుంది. మా తమ్ముడు కుక్కపిల్లకి అలాగే చేశాడు. ఇంట్లో పిల్లల యాంటీబయాటిక్ సిరప్ మిగిలి ఉంటే రెండు చుక్కలు.

పశువైద్య_విద్యార్థి (గరివిడి)

దయచేసి ఎవరూ ఇది చెయ్యకండి. గరివిడి వెటర్నరీ కాలేజీలో చదువుతున్నాను, నేనింకా డాక్టర్ని కాదు, అయినా ఈ ఒక్క విషయం ఖచ్చితంగా చెప్పగలను. పిల్లల సిరప్‌లలో మామూలుగా ఉండే అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ కుందేలుకి నోటి ద్వారా ఇస్తే పేగులోని మంచి బ్యాక్టీరియా చచ్చిపోయి క్లాస్ట్రీడియం జాతివి విజృంభిస్తాయి, అవి వదిలే విషంతో కుందేలు చచ్చిపోతుంది. క్లిండమైసిన్, లింకోమైసిన్ కూడా అంతే. అంటే జబ్బు చంపకపోయినా మందు చంపుతుంది. మోషన్స్ ఆపే లోపెరమైడ్ పేగు కదలికనే ఆపుతుంది. కుందేలుకి కదలిక ఆగిపోవడమే అసలు ముప్పు అని పైన అక్క చెప్పారు కదా, అందుకే డాక్టరు చెప్పకుండా ఆ మాత్ర జోలికి పోవద్దు.

కంటోన్మెంట్ గారూ, గట్టి పెంటికలు పూర్తిగా ఆగి నీళ్లలా పారుతుంటే ఇంక ఇక్కడ జవాబుల కోసం చూడకండి, ఇంత చిన్న పిల్లలు ఒక్క రోజులో పోతాయి. మా కాలేజీ ఆసుపత్రికి తీసుకురండి, మీకు చీపురుపల్లి దారిలోనే. వచ్చేటప్పుడు తాజా పెంట శుభ్రమైన చిన్న డబ్బీలో వేసి మూతపెట్టి తెండి, నీళ్లు కలపొద్దు, ఎండలో పెట్టొద్దు. పాత పెంటలో సరిగ్గా ఏమీ కనబడదు. పల్లెల్లో ఉన్నవాళ్లు సంచార పశువైద్య బండ్ల నంబరు 1962కి ఫోన్ చేసి అడగొచ్చు, ఆ బండ్లు ఎక్కువగా పాడిపశువుల కోసం తిరుగుతాయి కాబట్టి కుందేలు అని ముందే చెప్పండి.

కంటోన్మెంట్_ఇల్లు (విజయనగరం)

అందరికీ చాలా థాంక్స్. మూకుడులో నీళ్లు పెట్టగానే తల ఎత్తకుండా తాగింది, చూస్తుంటే కడుపు తరుక్కుపోయింది. ఇన్నాళ్లూ దాహంతో ఉందన్నమాట. గట్టి పెంటికలు ఉదయం కొన్ని వచ్చాయి, అవీ చిన్నవి, వంకర టింకరగా. మధ్యాహ్నం నుంచి ముద్ద పల్చబడింది. చెవుల కొనలు చల్లగా ఉన్నాయి. పొట్ట ఉబ్బింది గానీ బిగుసుకోలేదు. మాకు దగ్గర్లో ఒక చోట చూపిస్తే, కుక్కలూ పశువులే చూస్తాం, కుందేళ్లు మాకు అలవాటు లేదు అని పంపేశారు. గరివిడికి ఇప్పుడే బయల్దేరుతున్నాం. దారిలో ఎలా పట్టుకెళ్లాలి? బొచ్చు కడగమంటారా?

రాజాం_షెడ్డు (రాజాం)

కడగొద్దమ్మా! నీళ్లలో ముంచితే భయానికీ చలికీ అక్కడే పోతుంది. గోరువెచ్చటి నీళ్లలో పిండిన గుడ్డతో వెనక భాగం మాత్రం తుడిచి, పొడిగుడ్డతో ఆర్పండి. అట్టకట్టిన బొచ్చు లాగొద్దు, చర్మం చాలా పల్చన, చిరిగిపోతుంది. అలాగని వదిలెయ్యకూడదు కూడా, ఈగలు వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులో పురుగులు పడతాయి. ఈగల కోసమో పేల కోసమో కుక్కలకి కొట్టే ఫిప్రోనిల్ స్ప్రే మాత్రం కొట్టకండి, కుందేలుకి అది విషం.

అట్టపెట్టెకి గాలి కన్నాలు పెట్టి, అడుగున పాత టవల్ వెయ్యండి, గుప్పెడు గరిక కూడా. చెవులు చల్లగా ఉన్నాయన్నారు కాబట్టి గోరువెచ్చటి నీళ్ల సీసాని గుడ్డలో చుట్టి ఒక పక్కన పెట్టండి, వేడెక్కితే అది జరగడానికి రెండో పక్క ఖాళీ ఉంచండి.

నేను షెడ్డులో కుందేళ్లు పెంచాను, న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా జాతులు. నా అనుమానం చెప్తాను. సంత పిల్ల, ఇరుకు పంజరం, వర్షాకాలం, పారుడు: నాలుగూ కలిస్తే ముందు కాక్సీడియా చూడాలి. ఐమీరియా అనే పరాన్నజీవి అది. దాని గుడ్లు పెంటలో బయటికొస్తాయి, మన తేమకి ఒకటి రెండు రోజుల్లో ముదిరి అంటుకునే స్థితికి వస్తాయి, ఆ పెంట తగిలిన గడ్డి తింటే మళ్లీ లోపలికి పోతాయి. పెద్దవాటికి పెద్దగా ఏమీ కాదు, పిల్లల్ని మాత్రం వరసపెట్టి తీసుకుపోతుంది. పెంట పరీక్ష అడిగి చేయించుకోండి.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

రాజాం గారు చెప్పింది నిజం. దానికి తోడు ఆ పిల్లకి రెండు నెలలు ఉండవు, నాకు నమ్మకం లేదు. తల్లి దగ్గర ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉండాలి. పాలు తాగినంతకాలం ఆ పాల నుంచి పొట్టలో తయారయ్యే ఒక రకం కొవ్వు ఆమ్లాలు క్రిముల్ని అణిచిపెడతాయి. పాలు మానేశాక కొన్నాళ్లకి పొట్టలో ఆమ్లం పెద్ద కుందేలు స్థాయికి పెరిగి ఆ పని చేస్తుంది. ఈ రెండింటి మధ్య రోజుల్లో పిల్లకి ఏ రక్షణా ఉండదు. సరిగ్గా అప్పుడే, చిన్నగా ముద్దుగా ఉంటే అమ్ముడుపోతుందని నాలుగు వారాలకే తల్లిని విడదీసి సంతకి తెస్తారు. ఆపైన కొత్త ఇల్లు, కొత్త మేత, నీళ్లు లేకపోవడం. ఇందులో మీ తప్పేమీ లేదమ్మా, ధైర్యంగా వెళ్లిరండి.

కంటోన్మెంట్_ఇల్లు (విజయనగరం)

గరివిడి వెళ్లొచ్చాం. పెంట మైక్రోస్కోపు కింద చూసి కాక్సీడియా ఉందన్నారు. టోల్ట్రాజురిల్ అనే మందు బరువు తూచి ఇచ్చారు, నీరసం తగ్గడానికి చర్మం కింద సెలైన్ ఎక్కించారు. వయసు ఐదు వారాలు ఉంటుందేమో అన్నారు. గడ్డి తప్ప ప్రస్తుతానికి ఇంకేమీ వద్దు, తినకపోతే పెల్లెట్లు (కుందేళ్ల మేత గుళికలు) నీళ్లలో నానబెట్టి జావలా చేసి సిరంజితో పక్క పళ్ల సందులోంచి కొంచెం కొంచెంగా పట్టించమన్నారు. రాత్రి పట్టించాను. మొదట విదిల్చేసింది, తర్వాత నమిలింది. తెల్లవారుజామున లేచి చూస్తే గరిక పోచ ఒకటి ఒక చివర నుంచి లోపలికి లాక్కుంటూ తింటోంది. పాపని లేపి చూపించాను.

ఇప్పుడు నా సందేహం. నల్లగా, మెరుస్తూ, మిరియాల గుత్తిలా అంటుకున్న మెత్తటి పెంటికలు కనిపించాయి. విరేచనం తిరగబెట్టిందా? పైగా వంగి అవే తింటోంది, ఆపాలా?

పశువైద్య_విద్యార్థి (గరివిడి)

ఆపొద్దండి, అది చాలా మంచి వార్త! వాటిని సీకోట్రోప్స్ అంటారు. పైన అక్క చెప్పిన ఆ పులిసే సంచిలో తయారైన ప్రొటీన్లు, బి విటమిన్లు వాటిలో ఉంటాయి, కుందేలు వాటిని నేరుగా నోటితో అందుకుని మింగుతుంది, సాధారణంగా రాత్రో తెల్లవారుజామునో. అది తినకపోతేనే మనం అనుమానించాలి. ఆకారం ఉండి, గుత్తిగా, మెరుపుగా ఉంటే సీకోట్రోప్. ఆకారం లేకుండా కారిపోతే విరేచనం. గట్టి పెంటికలు మామూలుగా వస్తూ, సీకోట్రోప్స్ మాత్రం తినకుండా కింద నలిగి పడి ఉంటే మేతలో పిండి ఎక్కువైందనో, పీచు తక్కువైందనో, లేదా నడుము వంచలేకపోతోందనో అర్థం.

మందు ఎన్నాళ్లు, మళ్లీ ఎప్పుడు అన్నది చీటీలో రాసినట్టే పాటించండి. తగ్గినట్టు కనిపించిందని ఆపొద్దు.

రాజాం_షెడ్డు (రాజాం)

మందు ఒక్కదానితో కాదమ్మా, పంజరం కూడా చూడాలి. పెంట ఏ రోజుది ఆ రోజే తియ్యండి, ముదరడానికి దానికి టైమ్ ఇవ్వకూడదు. ఫినాయిల్‌కి ఆ గుడ్లు చావవు, వాసన కుందేలుకి పడదు కూడా. సలసల కాగే నీళ్లు పోసి, ఎండ కాసినప్పుడు బాగా ఎండబెట్టండి. ఆ గోనె సంచి పారేసి రోజూ ఉతికే పాత గుడ్డలు మార్చుకోండి. గడ్డి నేల మీద వెయ్యకుండా గోడకి చిన్న బుట్ట కట్టి అందులో వెయ్యండి, పెంట తగలదు. ఇంట్లో ఇంకో కుందేలు ఉంటే వేరుగా ఉంచండి.

పలాస_తోట (పలాస)

ఈ చర్చ చదివి నాకూ భయం వేసింది, మా ఇంట్లో రెండున్నర నెలల పిల్ల ఉంది. అది బాగానే ఉంది గానీ మేము కూడా కూరలే పెడుతున్నాం. ఆన్‌లైన్లో తిమోతి గడ్డి ప్యాకెట్లు చూశాను, చాలా ఖరీదు. మన దగ్గర దొరికే వాటితో అవదా? వరిగడ్డి కుప్పలు ఉన్నాయి, అది వెయ్యొచ్చా?

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)

అవుతుందండీ, మన గరిక ఉండగా దిగులెందుకు. రోజూ తినేదాంట్లో 80 శాతం పైన గడ్డే ఉండాలి, అది ఏ గడ్డి అన్నది తర్వాత సంగతి. పురుగుమందు కొట్టని చోట, కుక్కలు తిరగని చోట కోసిన గరిక, పాడిరైతుల దగ్గర నేపియర్ ఉంటే అది, లూసర్న్ దొరికితే ఎదిగే పిల్లకి ఇంకా మంచిది. ఆరేడు నెలలు దాటాక లూసర్న్ తగ్గించాలి, కాల్షియం ఎక్కువ, మూత్రంలో ఇసుక చేరుతుంది. వరిగడ్డి పడకకి బాగుంటుంది, నమిలితే హాని లేదు, కానీ దాంట్లో పోషణ లేదు, అదే మేతగా పెడితే పిల్ల ఎదగదు. జొన్న లేత పిలకలు మాత్రం వద్దు, వాటిలో సైనైడ్ ఉంటుంది, పశువులకే పడదు.

కూరలు ఒక్కసారిగా ఆపినా, గడ్డి ఒక్కసారిగా నింపినా పొట్ట తడబడుతుంది. మీ పిల్ల ఆరోగ్యంగా ఉంది కాబట్టి వారం, పది రోజుల్లో మెల్లగా మార్చండి, రోజురోజుకీ కూరలు తగ్గిస్తూ గడ్డి పెంచండి. జబ్బు పడ్డప్పుడు సంగతి వేరు, అప్పుడు కూరలు వెంటనే ఆపాలి. ఆకుకూరలు 12 వారాలు దాటాక మొదలుపెట్టొచ్చు, ఒక్కోసారి ఒక్కటే, రెండు రెబ్బలు. కొత్తిమీర పెట్టారా, రెండు మూడు రోజులు పెంటికలు చూడండి, బాగుంటే పుదీనా. ముల్లంగి ఆకులు, మెంతికూర, కొద్దిగా మునగాకు అన్నీ ఆ వరసలోనే. తోటకూర అప్పుడప్పుడూ చాలు. క్యారెట్టు అంటే తీపి, గోరంత ముక్క ఎప్పుడైనా. క్యాబేజీ, కాలీఫ్లవర్ గ్యాస్ పుట్టిస్తాయి, పైగా ఆ పై రేకుల మీదే మందు ఎక్కువ పడుతుంది.

బొబ్బిలి_పెరడు (బొబ్బిలి)

నేను అంబలి చెప్పినందుకు అక్క ఓపిగ్గా వివరించారు, సంతోషం. ఒక మాట అడుగుతాను. వానల్లో గరిక ఎప్పుడూ తడిగానే ఉంటుంది, తడి గడ్డి పెడితే పారుకుంటుందని మా ఇంట్లో అనేవారు. మరి ఈ రెండు నెలలూ ఏం చెయ్యాలి? వేరుశనగ కట్ట ఎండబెట్టి దాచింది ఉంది, అది పెట్టొచ్చా?

రాజాం_షెడ్డు (రాజాం)

తడి కన్నా, తడి గడ్డి కుప్పగా పోస్తే అది వేడెక్కి మగ్గుతుంది, అదే ప్రమాదం. సాయంత్రం కోసి, కడిగి, వరండాలో తాడు మీద పల్చగా ఆరేసి ఫ్యాను వేసేస్తే పొద్దుటికి వాడి ఉంటుంది, అలా పెట్టండి. ఎండ కాసిన రోజుల్లో ఎక్కువ కోసి నీడలో ఎండబెట్టి గాలాడే గోనె సంచిలో దాచుకోండి, ప్లాస్టిక్ కవర్లో వద్దు. వేరుశనగ కట్ట బాగా తింటాయి, బలం కూడా. కానీ చేతితో దులిపి చూడండి. తెల్లటి పొడి రేగినా, ముక్కవాసన వచ్చినా, నల్ల మచ్చలున్నా పెట్టకండి, ఆ బూజు విషం కాలేయాన్ని తినేస్తుంది.

కంటోన్మెంట్_ఇల్లు (విజయనగరం)

ఇప్పుడు పెంటికలన్నీ గుండ్రంగా, పొడిగా వస్తున్నాయి, విరిచి చూస్తే లోపల గడ్డి పీచు కనిపిస్తోంది. మూల వదిలి వంటింట్లో మధ్యకి వచ్చి కాళ్లు చాపుకుని పడుకుంటోంది. పాప నోటు పుస్తకంలో రోజూ బరువు రాస్తోంది, కిరాణా కొట్టు నుంచి చిన్న త్రాసు అడిగి తెచ్చుకున్నాం. పెంట మళ్లీ పరీక్ష చేయించాలన్నారు కాబట్టి బుధవారం గరివిడి వెళ్తున్నాం. రాజాం గారూ, కంటోన్మెంట్, దాసన్నపేట వైపు నేపియర్ మోపు అమ్మే పాడిరైతులు ఎవరైనా మీకు తెలిస్తే మెసేజ్ పెట్టండి, మా వీధిలో గరిక అయిపోవచ్చింది.